పేరాల నుంచి దామనపల్లి ఘాటీ దాకా

నర్సీపట్నం దాటాక డౌనూరు దగ్గర ఘాట్ మొదలవుతుంది. జీపు రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే ఒక పక్క కొండ, మరో పక్క లోయ. నవంబరు నెల కావడంతో మలుపు మలుపుకీ చలి పెరుగుతోంది. సెలవు రోజుల్లో ఈ దారంతా లంబసింగి మంచు చూడటానికి వచ్చేవాళ్ల కార్లతో నిండిపోతుందని డ్రైవరు చెప్పాడు. "మీరూ మంచుకేనా సార్?" అన్నాడు. రోడ్డు చూడ్డానికి వచ్చానంటే అద్దంలోంచి నా మొహం ఒకసారి చూసి ఊరుకున్నాడు.

నిజంగా నేను వచ్చింది రోడ్డు కోసమే. చీరాలలో రాత్రి రైలెక్కి, తెల్లారేసరికి తునిలో దిగి, కోటనందూరు మీదుగా బస్సులో నర్సీపట్నం చేరాను. నూరేళ్ల కిందట ఈ కొండల్లో తెల్లదొరల సేనలకీ మన్యం మనుషులకీ జరిగిన పోరు ఈ రోడ్డు దగ్గరే రాజుకుంది. అప్పట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి బాట వేయించే పని అతని చేతిలో ఉండేది. రాళ్లు కొట్టడానికీ, చెట్లు నరకడానికీ, మట్టి మోయడానికీ కొండవాళ్లను ఊళ్లలోంచి తోలుకొచ్చేవారు. చెప్పిన కూలి ఒకటి, చేతిలో పెట్టింది ఒకటి. అడిగినవాడికి కొరడా. పొలం పని వదిలేసి వచ్చినవాడికి ఇంటి దగ్గర గింజ ఉండేది కాదు. ఇప్పటి తారు రోడ్డు దాదాపు ఆ బాటనే పట్టుకుని పోతుంది. మలుపుల దగ్గర కొండను కోసిన చోట రాతి మీద వేళ్లాడే నాచు చూస్తుంటే, ఈ కోత మొదట ఎవరి గునపంతో మొదలైందోనన్న ధ్యాసే నాకు.

రోడ్డు ఒక్కటే అయితే ఆ జనం ఓర్చుకునేవారేమో. అంతకు ముందే అడవి పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాలు ప్రభుత్వానిదైంది. మన్యంలో పోడు అంటే ఒక వాలులో చెట్టూ పొదా కొట్టి, ఎండబెట్టి, తగలబెట్టి, ఆ బూడిదలో సామలో చోళ్లో చల్లుకోవడం. రెండు మూడేళ్లు పండించి, ఆ వాలును అడవికి వదిలేసి పక్క వాలుకు పోతారు. కొన్నేళ్లకు అడవి మళ్లీ మూసుకున్నాక తిరిగి వస్తారు. ఈ తిరుగుడుకు చాలా నేల కావాలి. రిజర్వు ఫారెస్టు గీతలు పడ్డాక ఆ తిరుగుడు ఆగిపోయింది. కట్టెపుల్ల తెచ్చుకున్నా, మేకను తోలుకుపోయినా గార్డుకు మామూలు. జీలుగు చెట్టు కల్లు మీద కూడా పన్ను వేసిన చరిత్ర ఈ కొండలది. ఆ చిగురుపన్ను మీదే 1879లో రంప పితూరీ లేచింది. కారం తమ్మన్నదొర వంటివాళ్లు పోలీసు ఠాణాలను తగలబెట్టారు, చివరికి వేటాడి చంపబడ్డారు. అంటే 1922 నాటికి ఈ కొండలకు పితూరీ కొత్త కాదు. తండ్రులు చేసి ఓడినదాన్నే కొడుకులు మళ్లీ ఎత్తుకున్నారు.

ఇలా ఎత్తుకున్నవాళ్లలో ముందు చెప్పవలసింది గాం అన్నదమ్ములను. బట్టిపనుకుల గంటందొర ఒకప్పుడు మునసబు. బాస్టియన్ దెబ్బకు ఉద్యోగమూ భూమీ పోగొట్టుకున్నాడు. తమ్ముడు మల్లుదొర. మన సినిమాల్లో వీళ్లు సీతారామరాజు వెనక నిలబడే మనుషులుగా కనిపిస్తారు గానీ, ఆ దారుల్లో ప్రతి మలుపూ, ప్రతి ఊటా, కొన్ని ఊళ్లకు పెత్తందార్లయిన ముఠాదార్లలో ఎవరు అన్నం పెడతారో ఎవరు సర్కారుకు కబురు పంపుతారో తెలిసినవాళ్లు వాళ్లే. అల్లూరి సీతారామరాజు మైదానం నుంచి వచ్చినవాడు, 1897లో పుట్టినవాడు. 1922లో పోలీసు ఠాణాల మీద పడేనాటికి పాతికేళ్లు. సన్యాసిగా ఈ కొండల్లో తిరిగాడు. కల్లు మానమన్నాడు, ఖద్దరు కట్టమన్నాడు, తగవులు కోర్టుకు పోకుండా పంచాయితీలో తీర్చుకోమన్నాడు. ఆ మాటలు అక్షరాలా 1921 నాటి గాంధీ మాటలే. అదే ఏడు చీరాల పక్కనున్న మా పేరాల కూడా ఆ మాటలే వింది. కొండల్లో అవి తుపాకీ దాకా ఎందుకు వచ్చాయన్నది నన్ను ఇంతదూరం లాక్కొచ్చిన ప్రశ్న.

చింతపల్లి చేరేసరికి మధ్యాహ్నం. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉన్నాయి, వాటి నీడలో కాఫీ మొక్కలకు ఎర్రని పళ్లు. రోడ్డు వారన టార్పాలిన్ల మీద గింజలు ఆరబోశారు. మెరక చేలల్లో వలిసె పూలు పచ్చగా పరుచుకున్నాయి. 1922 ఆగస్టు 22న పితూరీదారులు మొదట పడింది ఈ ఊరి ఠాణా మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు. 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు దక్కాయి. రాజవొమ్మంగిలో కట్టివేసి ఉంచిన మొట్టడం వీరయ్యదొరను విడిపించుకుపోయారు. ఎన్ని తుపాకులు తీసుకున్నదీ రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు రాజు. ఆ సంతకమంటే నాకు గౌరవం. దొంగలకు ఉండే గుట్టు ఆ పనిలో లేదు. ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వానికి ఇచ్చే రసీదులా ఉంది.

చింతపల్లి నుంచి గూడెం కొత్తవీధి మీదుగా దామనపల్లి వైపు వెళ్లాం. అక్కడ జీపు దిగి నడిచాను. నాతో ఆ పక్క ఊరి పెద్దాయన ఒకరు వచ్చారు. భగత తెగవారు. చేతిలో కత్తి, భుజం మీద తువ్వాలు. "నెమ్మదిగా దిగు బాబూ, రాళ్లు జారతాయి" అంటూ ముందు నడిచారు. ఘాటీ అంటే రెండు కొండల మధ్య ఇరుకు దారి. పైన నిలబడ్డవాడికి కింద నడిచేవాళ్లు చక్కగా కనిపిస్తారు. కింద నడిచేవాడికి పైన ఆకులు తప్ప ఏమీ కనబడదు. నేను కింద నుంచి ఎంత చూసినా ఇరవై గజాల అవతల నిలబడ్డ పెద్దాయన తువ్వాలు కూడా గుర్తుపట్టలేకపోయాను.

1922 సెప్టెంబరు 24న ఈ దారిన పోలీసు దళం వచ్చింది. రాజును వెతుకుతూ వచ్చింది. దాన్ని నడిపిన దొరలు స్కాట్ కవర్డ్, హైటర్. ముందు వరుసలో నడుస్తున్నది మన దేశపు కానిస్టేబుళ్లు. కొండ మీద పొంచి ఉన్నవాళ్లు ఆ ముందు వరుసను పోనిచ్చారు. ఒక్క తూటా కాల్చలేదు. దొరలు గురిలోకి వచ్చాకే కాల్చారు. ఇద్దరూ ఆ ఘాటీలోనే కూలిపోయారు. దళం చెల్లాచెదురైంది. నల్లవాళ్లను చంపవద్దన్నది రాజు కట్టడి అని అప్పటి సర్కారు కాగితాలే ఒప్పుకున్నాయి. యుద్ధంలో అంతకంటే కష్టమైన కట్టడి ఇంకోటి ఉండదు. తన మీద తుపాకీ ఎత్తినవాడిలో తన మనిషి కూడా ఉన్నాడని గుర్తుపెట్టుకుని, వేలు ట్రిగ్గరు మీద ఉంచుకుని, వాడు దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టాలి. చేతిలో ఉన్నది కొల్లగొట్టిన కొద్దిపాటి తుపాకులు, విల్లమ్ములు. ఎదుట ఉన్నది మద్రాసు ప్రభుత్వం. ఆ స్థితిలో ఆ నిగ్రహం చూపినవాళ్ల మీద "బందిపోట్లు" అన్న ముద్ర వేసిన రిపోర్టులను నేను ఎన్నటికీ ఒప్పుకోలేను.

పెద్దాయన ఒక బండ చూపించి "ఇక్కడే అంటారు" అన్నారు. ఆ బండే అవునో కాదో చెప్పడానికి ఎవరూ లేరు. ఇద్దరం దాని మీద కూర్చుని అడ్డాకులో ఆయన తెచ్చిన అంబలి తాగాం.

ఆ బండ మీద కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చింది భూగోళానికి అవతలి వైపు ఉన్న మరో చోటు. అమెరికాలో అలబామా రాష్ట్రం, టల్లాపూసా నది. ఆ నది ఒకచోట గుర్రపు నాడాలా వంపు తిరుగుతుంది. 1814 మార్చి 27న ఆ వంపులో క్రీక్ జాతి వీరులు వెయ్యి మంది దాకా మోహరించి ఉన్నారు. ఎర్రకర్రలవాళ్లని వాళ్లకు పేరు. నాయకుడు మెనావా. మూడువైపులా నది, నాలుగోవైపు దుంగలతో కట్టిన గోడ. ఎదుట ఆండ్రూ జాక్సన్ నడిపిన 3,300 మంది సేన. జాక్సన్ ఫిరంగులు ఆ దుంగల గోడను పడగొట్టలేకపోయాయి. అప్పుడు జాక్సన్ పక్షాన ఉన్న చెరోకీ జాతివాళ్లు నదిలో ఈది, క్రీకుల పడవలనే లాక్కుని, వెనకవైపు నుంచి పడ్డారు. సాయంత్రానికి 800 మందికి పైగా క్రీకులు చనిపోయారు. నదిలో ఈదుతున్నవాళ్లను కూడా కాల్చారు. మెనావా ఒళ్లంతా గాయాలతో బతికి బయటపడ్డాడు.

ఆ ఏడు ఆగస్టు 9న జాక్సన్ రాయించుకున్న ఒప్పందంలో 2 కోట్ల 30 లక్షల ఎకరాలు పోయాయి. ఎదిరించిన క్రీకుల భూమి మాత్రమే కాదు, జాక్సన్ పక్షాన పోరాడిన క్రీకుల భూమి కూడా పోయింది. నదిని ఈది గెలుపు తెచ్చిపెట్టిన చెరోకీలను కూడా, జాక్సన్ అధ్యక్షుడయ్యాక 1830లో చేయించిన చట్టంతో, మిసిసిపీ నది అవతలికి తోలేశారు. ఖాళీ చేయించిన అలబామా నేలలో బానిసల చేత పత్తి పండించారు. ఆ పత్తి లివర్‌పూల్ రేవులో దిగి లాంకషైర్ మిల్లులకు పోయింది. లాంకషైర్ గుడ్డ మన రేవుల్లో దిగింది. మా పేరాల సాలెల మగ్గాల మీద ఆ గుడ్డ పడ్డ దెబ్బ గురించి మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రీకుల నేల ఎక్కడ, పేరాల గుంట మగ్గం ఎక్కడ! కానీ నడుమ ఒకే దారం ఉంది. దాన్ని నేను ఊహించి కట్టలేదు, ఆ నూరేళ్ల వర్తకం కట్టింది.

దామనపల్లికీ ఆ నది వంపుకీ తేడా ఒకటుంది. అక్కడ సైన్యం గెలిచింది, ఇక్కడ ఓడింది. కానీ రెండుచోట్లా తర్వాత జరిగినది ఒకటే. ఘాటీలో ఓడిన సర్కారు మళ్లీ ఘాటీలో పోరాడలేదు. రోడ్డును వాడుకుంది. మాప్పిళ్ల తిరుగుబాటు మీద ప్రయోగించిన మలబార్ స్పెషల్ పోలీసులను తెచ్చింది. 1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర, ఆ రాత్రే లింగాపురం దగ్గర పితూరీదారులు డజను మంది దాకా చనిపోయారు. దామనపల్లిలో చనిపోయిన దొరలిద్దరికీ నర్సీపట్నంలో సమాధులున్నాయి. పెదగడ్డపాలెంలో పోయినవాళ్ల పేర్లు నేను తిరిగిన చోట ఏ పలక మీదా కనబడలేదు. మలబారు వాళ్లను మన్యం జ్వరం పీల్చేస్తే, 1924 జనవరికి అస్సాం రైఫిల్స్‌ను దించారు. ఈశాన్యపు కొండల్లో కొండవాళ్లను అణచడం నేర్చిన సేనను ఇక్కడి కొండవాళ్ల మీదికి తెచ్చారు. రాజు తల మీద రూ.10,000 వెల కట్టారు. అన్నం పెట్టిన ఊళ్ల మీద శిక్ష పడింది. తిండి అందే దారులు మూసుకుపోయాయి. కొండలు తెలిసిన మనుషులను కొండలే పోషించలేని స్థితికి తెచ్చారు.

ఇక్కడే పేరాల మాట చెప్పాలి. 1919 తర్వాత చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేశారు. ఏటా రూ.4,000 ఉన్న పన్ను రూ.40,000కి పోయింది. నేతగాళ్లు, రైతులు, చిల్లర వ్యాపారులు ఉన్న ఊరికి అది మోయలేని బరువు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జనాన్ని కూడగట్టాడు. ఎడింబరోలో చదివొచ్చిన మనిషి, రామదండు అనే వలంటీర్ల దళం పెట్టి, పాటలు పాడి, పద్యాలు చెప్పి ఊరినంతా ఒక్క మాట మీదికి తెచ్చాడు. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెస్ సభల తర్వాత గాంధీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పాడు. పన్ను కట్టకుండా శిక్ష అనుభవించడం ఒకటి, ఊరినే విడిచిపోవడం ఇంకొకటి. ఊరు విడిచిపోవడాన్నే ఎంచుకున్నారు. 15,000 జనాభాలో సుమారు 13,000 మంది ఇళ్లకు తాళాలు వేసి, మునిసిపల్ హద్దు అవతల తాటాకు పాకలు వేసుకున్నారు. రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అక్కడే. మా నాయనమ్మ వాళ్ల అమ్మ ఆ పాకల్లో బిడ్డను కన్నదని మా ఇంట్లో చెప్పుకుంటారు. గోపాలకృష్ణయ్య బరంపురంలో చేసిన ప్రసంగానికి జైలుకు పోయాక, దాదాపు పదకొండు నెలలకు జనం మళ్లీ ఇళ్లకు చేరారు.

ఆ త్యాగాన్ని నేను ఎంత గొప్పదిగా చూస్తానో మాటల్లో చెప్పలేను. కానీ ఈ ఘాటీలో నిలబడ్డాక దాని వెనక ఉన్న ఒక అదృష్టం కనబడింది. పేరాల వాళ్లకు హద్దు అవతల ఇసుక నేల ఉంది, తాటాకు ఉంది, చుట్టుపక్కల ఊళ్లలో బంధువులున్నారు. తిరిగివచ్చేనాటికి తాళం వేసిన ఇల్లు అలాగే ఉంది. మగ్గాన్ని విప్పి భుజాన వేసుకుపోవచ్చు. పోడు చేసే వాలును భుజాన వేసుకుపోలేరు. మన్యంలో మనిషి ఎక్కడికి పోయినా అవతలి కొండ కూడా రిజర్వు ఫారెస్టే. విడిచిపోవడం అనే ఆయుధం వాళ్లకు లేదు. అడవి గీతలు గీసినవాళ్లు దాన్ని ముందే లాగేసుకున్నారు. అదే ఏడు, అదే గాంధీ మాటలు విన్న రెండు చోట్ల ఒకచోట తాళంచెవి, ఇంకోచోట తుపాకీ పట్టుకోవడానికి నాకు దొరికిన కారణం ఇదే. కొండవాళ్లది తొందరపాటని, మైదానంవాళ్లది వివేకమని రాసేవాళ్లు ఒకసారి ఈ వాలు మీద నిలబడి నాలుగు వైపులా చూడాలి.

తిరుగు ప్రయాణంలో కొయ్యూరు మీదుగా కృష్ణదేవిపేట వచ్చాం. 1924 మే 7న మంప దగ్గర రాజు దొరికాడు. కొయ్యూరులో మేజర్ గుడాల్ విచారణ లేకుండానే కాల్చి చంపించాడు. అప్పటికి రాజుకు ఇంకా ఇరవై ఏడు నిండలేదు. దేహాన్ని మంచానికి కట్టి కృష్ణదేవిపేటకు మోసుకొచ్చారు. నెల తిరగగానే జూన్ 7న గంటందొరనూ చంపారు. కృష్ణదేవిపేట పార్కులో సమాధుల దగ్గరికి బడిపిల్లలు వచ్చారు. వరసగా నిలబెట్టి ఫోటోలు తీయిస్తున్నారు. ఒక పిల్ల రాజు సమాధి మీద బంతిపూలు పెట్టి, వెనక్కి తిరిగి అయ్యవారిని "గంటందొరకు కూడా పెట్టాలా అండీ?" అని అడిగింది. ఆయన "పెట్టమ్మా, ఇద్దరికీ పెట్టు" అన్నారు. ఆ అయ్యవారి మీద నాకు ఎంతో ప్రేమ కలిగింది.

నేల సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు. మన్యంలో ఎవరిని అడిగినా 1/70 చట్టం పేరు చెబుతారు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో బిగించిన చట్టం అది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక పోడు భూములకు పట్టాలు ఇస్తున్నారు. ఘాటీలో నాతో నడిచిన పెద్దాయనకు కొంత భూమికి పట్టా వచ్చిందట. పైవాలులో ఉన్నదానికి రాలేదు. "కొలిచినోళ్లు కిందే కొలిచి దిగిపోయారు బాబూ" అన్నారు. జెర్రెల కొండల్లో బాక్సైట్ తవ్వుకోవడానికి 2015లో జీవో 97 వచ్చినప్పుడు చింతపల్లి ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. 2019లో దాన్ని రద్దు చేశారు. ఆ ఉద్యమంలో ఊరేగింపులు ఏ దారిన నడిచాయో ఆయన చెబుతుంటే, బాస్టియన్ బాట మీదే నడిచాయని నాకు అర్థమైంది. అటు క్రీకులకు కూడా 2020 జూలై 9న అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. వాళ్లను తోలేసిన ఓక్లహోమాలో 1866 నాటి హద్దుల లోపలి నేల ఇప్పటికీ చట్టం దృష్టిలో క్రీకుల రిజర్వేషనేనని తేల్చింది. టల్లాపూసా వంపు మాత్రం వాళ్లకు తిరిగి రాలేదు.

ఇంకో మాట. రోడ్డు మీద కోపంతో లేచిన కొండల్లో ఇప్పుడు లోపలి ఊళ్లు రోడ్డు అడుగుతున్నాయి. నిండు గర్భిణిని డోలీలో మోసుకుని నాలుగు గంటలు నడిచామని, ఘాటీ పక్క ఊరి ఆడవాళ్లు నాతో చెప్పారు. కూలి సరిగ్గా ఇచ్చి, తమ చేతనే వేయించమని వాళ్ల కోరిక. నూరేళ్ల కిందట అడిగినదీ అదే కూలి.

చివరిగా మల్లుదొర. గాం అన్నదమ్ముల్లో తమ్ముడు. 1923 సెప్టెంబరులో పట్టుబడ్డాడు. ఉరిశిక్ష వేశారు. తర్వాత దాన్ని ద్వీపాంతర శిక్షగా మార్చి అండమాన్‌కు పంపారు. అతను బతికి తిరిగొచ్చాడు. 1952లో దేశంలో మొదటి ఎన్నికలు జరిగినప్పుడు విశాఖపట్నం నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. గెలిచి, లోక్‌సభ సభ్యుడై ఢిల్లీ వెళ్లాడు.